మంచం మీద దస్తీ

ఆ రోజుల్లో అనుమానం అనేది ఒక జబ్బని నాకు తెలియదు. అదొక అర్హత అనుకునేవాణ్ణి. నీ వయసెంత, 'ఆ రోజుల్లో' అనే మాట వాడే హక్కు నీకెక్కడిది అని ఎవరైనా అడగొచ్చు (మా ఆవిడ ఇప్పటికే అడిగింది). నిజమే, ఇది తాతల నాటి ముచ్చటేమీ కాదు, అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చిన తర్వాతి సంగతే. కానీ మనిషి తన తిక్కపనులకు తానే నవ్వుకోగలిగినంత దూరం వచ్చేశాక అవి 'ఆ రోజులే' అవుతాయని నా అభిప్రాయం. డిగ్రీ అయిపోయింది. ఉద్యోగమేదీ దొరక్క కామారెడ్డిలో స్టేషన్ దగ్గరున్న ఒక లాడ్జిలో కౌంటర్ మీద కూర్చునేవాణ్ణి. ఆ లాడ్జి యజమానిని అందరూ సేఠ్ అనేవారు, నేనూ అనేవాణ్ణి. నాకు తాళాలు అప్పగించిన మొదటి రోజే ఆయన పక్కన కూర్చోబెట్టుకుని అనుమానం గురించి ఉపదేశం చేశాడు. "శక్ చెయ్యాలె బేటా. శక్ చేస్తెనే లాడ్జి నడుస్తది. సామాను లేకుంట వచ్చెటోడు కిరాయి ఎగ్గొడ్తడు. సామాను ఎక్కువ తెచ్చెటోడు మన దుప్పట్లు పట్కపోతడు. నవ్వుకుంట మాట్లాడెటోని మీద డబుల్ శక్ చెయ్యాలె." మరి సామాను సరిగ్గా ఉండి, నవ్వకుండా వచ్చినవాడి సంగతేమిటని అడిగాను. "వాడు పోలీసోడు" అన్నాడు సేఠ్. ఆ విద్య నాకు ఎంత బాగా వంటపట్టిందంటే, ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మ అడక్కుండా రెండోసారి కూర వడ్డిస్తే, ఏ పని చెప్పబోతోందా అని ఆమె మొహం వైపు చూసేవాణ్ణి.

అలాంటి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు మా మేనమామ. మామ ఏళ్ల తరబడి మస్కట్‌లో ట్రైలర్ నడిపాడు. మేమందరం ఆయన్ను మస్కట్ మామ అని పిలిచేవాళ్లం. పిలిచి పిలిచి ఊళ్లో అదే పేరు స్థిరపడిపోయింది. చివరికి ఆయన సొంత కూతురు చిట్టి కూడా కన్నతండ్రిని 'మస్కట్ మామ' అనేది. ఆ పిల్లకు తండ్రి అంటే ఫోన్‌లో కనిపించే ఒక మొహం, ఎప్పుడో ఒకసారి పెట్టె నిండా చాక్లెట్లతో దిగే ఒక చుట్టం. ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన్ను చూసి తలుపు చాటుకు వెళ్లి దాక్కుందట. మామ ఆ మాట నాతో నవ్వుతూ చెప్పబోయాడు కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఇగ నేను పోనురా అల్లుడా. ఈడనే ఏదన్న చేసుకుంట" అన్నాడు. ఆ ఏదన్నా ఏమిటంటే, ఒక బస్సు. ఎడారిలో ఎక్కడో పాత బండిని గదిలా మార్చి పెడితే దొరలు వరస కట్టి మరీ అందులో పడుకుంటున్నారట, అది కళ్లారా చూశాడట. మన దగ్గర పోచారం చెరువు, నిజాంసాగర్ చూడ్డానికి పట్నం నుంచి జనం వస్తున్నారు కదా, వాళ్లు ఎక్కడ పడుకోవాలి అన్నది ఆయన ప్రశ్న. వాళ్లు ఇంటికి వెళ్లి పడుకుంటారు అన్నది మా అత్త సమాధానం.

మామ వినలేదు. గదులు చూసుకున్న అనుభవం ఉందని నన్ను లాడ్జి మాన్పించి తన వెంట తీసుకెళ్లాడు. ఆయుష్షు తీరిన ఒక బస్సును వేలంలో పాడుకుని, ఎల్లారెడ్డి ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కనే ఉన్న తన మెట్టచెలకలోకి లాగించాడు. ఇంజను లేదు, చక్రాలు లేవు, కింద రాళ్ల దిమ్మెలు. సీట్లన్నీ పీకించి ఒక మంచం, ఒక అద్దం, వెనకాల స్నానాల గది పెట్టించాడు. డ్రైవర్ సీటూ స్టీరింగూ మాత్రం ఉంచుకున్నాడు. (అది అతిథుల సరదా కోసం అన్నాడు. పొద్దుపోతే తానే ఎక్కి కూర్చోవడం నేను చూశాను.) చుట్టుపక్కల ఊళ్లలో ఇక గుసగుసలే గుసగుసలు. పరదాలు కట్టిన బస్సులో ఏం నడుస్తుందోనని మగవాళ్లకు అనుమానం. మస్కట్ నుంచి తెచ్చిన బంగారం బస్సు అడుగున పాతిపెట్టి పైన ఈ నాటకం ఆడుతున్నాడని ఆడవాళ్లకు అనుమానం. మా అమ్మకైతే తమ్ముడికి ఎండదెబ్బ తగిలి ఇంకా దిగలేదని అనుమానం. మా అత్తకు మాత్రం అనుమానమేమీ లేదు. ఇది మునిగిపోతుందని ఆమెకు ఖాయంగా తెలుసు.

"ఇగ చూడు, నేను ఒక్క మాట చెప్తున్న" అంది అత్త నన్ను సాక్షిగా నిలబెట్టి. "పట్నం నుంచి ఎవలన్న ఒక్కలు వచ్చి, దీంట్ల పండి, మంచిగున్నది, మళ్ల వస్తం అని వాళ్ల నోటితోని చెప్పి పోవాలె. గప్పుడు నేను నోరు మూస్త. లేకుంటే దసరా అయినంక కంపెనీల మళ్ల చేరు, మస్కట్ పో." మామ ఒప్పుకున్నాడు. కంపెనీవాళ్లు కూడా దసరా దాకానే ఆగుతామన్నారట. అంటే, వచ్చే మొదటి అతిథి ఏమంటాడన్న దాని మీదే మామ ఉండడమా పోవడమా అన్నది తేలుతుంది. చిట్టి అప్పుడప్పుడే ఆయన ఒళ్లో కూర్చుని స్టీరింగ్ తిప్పడం నేర్చుకుంటోంది. పిలుపు మాత్రం ఇంకా మస్కట్ మామే.

మొదటి అతిథులుగా హైదరాబాద్ నుంచి ఒక పెద్ద సారు, మేడం కార్లో వచ్చారు. సారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. అంతకు ముందురోజే మామ బస్సుకు ఆఖరి సింగారం చేశాడు. పెయింటర్ చేత 'కామారెడ్డి – ఎల్లారెడ్డి' అని కొత్తగా రాయించిన బోర్డు ముందు అద్దం పైన తగిలించాడు. పట్నంవాళ్లకు అచ్చం అసలు బస్సు అనిపించాలట. బయటి పచ్చదనం బాగా కనబడాలని కిటికీల ఊచలు కూడా తీయించేశాడు. అంతటితో ఆగాడా, తాను కూడా ఎక్కడినుంచో ఒక ఖాకీ చొక్కా సంపాదించి తొడుక్కున్నాడు. ఆ వేషం చూసి చిట్టి పడిపడి నవ్వింది. ఆ నవ్వు కోసం ఆయన వారం రోజులపాటు ఆ చొక్కా విప్పలేదు.

మేడం బస్సెక్కగానే నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఎందుకంటే సేఠ్ తర్వాత అంత నిఖార్సయిన అనుమానం నేను మరెవరిలోనూ చూడలేదు. మంచం కింద చూసింది. దిండ్లు వాసన చూసింది. ఫ్యాను వైపు కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. "ఏమండీ, ఈ గోడల నిండా ఇన్ని రంధ్రాలేమిటి?" అంది. సీట్లు పీకినప్పుడు మిగిలిన బోల్టుల తూట్లు అవి. నేను వివరించాను. నా వివరణ కూడా ఆవిడకు అనుమానంగానే తోచినట్టుంది. "వీటి వెనకాల కెమెరాలు పెడుతున్నారట, ఫోన్‌లో వచ్చింది" అంటూ సంచీలోంచి బొట్టుబిళ్లల అట్టలు తీసి, కనబడ్డ ప్రతి తూటుకూ ఒక్కో బొట్టుబిళ్ల అంటించడం మొదలుపెట్టింది. మెరూన్ రంగువి అయిపోయాక ఎర్రవి, ఎర్రవి అయిపోయాక పచ్చవి. అట్టలన్నీ ఖాళీ అయ్యేసరికి ఒక్క తూటు ఇంకా మిగిలింది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, నుదుటి మీదున్నది తీసి దానికి అంటించింది. సారు నా వైపు చూసి, ఏం చేస్తాం అన్నట్టు చేతులు తిప్పారు. మా బస్సు మాత్రం పేరంటానికి తయారైన ముత్తయిదువలా కళకళలాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే టీ తాగి ఇద్దరూ పోచారం చెరువు చూడ్డానికి కార్లో వెళ్లారు. నేను గదికి గాలి ఆడాలని రోడ్డు వైపు కిటికీలన్నీ తెరిచి, పరదాలు పక్కకు తోసి, కొత్త దుప్పటి పరిచి, తలుపుకు తాళం వేసి, బస్సు వెనకాల ఉన్న రేకుల షెడ్డుకు వెళ్లాను. అత్త అక్కడ మధ్యాహ్నం భోజనానికి జొన్నరొట్టెలు చేస్తోంది. మామ స్టేజి దగ్గరున్న చాయ డబ్బా ముందు మా బస్సుకు వీపు పెట్టి కూర్చుని, చాయవాడికి తన బస్సు సంగతి చెబుతున్నాడు. స్టేజి అంటే మరేం లేదు, మా చెలకకు ఆనుకునే రోడ్డు మీద బస్సులు ఆగే చోటు. ఆ రోజు ఎల్లారెడ్డిలో వారపు అంగడి. గాంధారి వైపు తండాల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు అక్కడ దిగి బస్సు కోసం చూస్తుంటారు. షెడ్డులో ఉన్న నాకు ఆ సందడి వినబడుతోంది కానీ, మధ్యలో బస్సు అడ్డం కాబట్టి ఏమీ కనబడదు.

కాసేపటికి నీళ్ల సీసాలు పెడదామని తాళం తీసి లోపలికి వెళ్తే, మంచం మీద ఒక గళ్ల దస్తీ ఉంది. సారు జేబురుమాలు అనుకున్నాను. మడతపెట్టి ఆయన బ్యాగు మీద ఉంచి, మళ్లీ తాళం వేసి వచ్చాను. అంతవరకూ నాకేమీ అనిపించలేదు (సేఠ్ చూసి ఉంటే సిగ్గుపడేవాడు). ఆ తర్వాత సబ్బు పెట్టడం మరిచిపోయానని గుర్తొచ్చి మళ్లీ వెళ్లాను. ఈసారి మంచం మీద ఒక చెప్పు ఉంది. ఒక్కటే చెప్పు, మగవాళ్లది, ఎడమకాలిది. తలుపుకు నేనే తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది. కిటికీల సంగతి నా బుర్రకు తట్టనే లేదు. కామారెడ్డి లాడ్జిలో దొంగలందరూ తలుపు గుండానే వచ్చేవారు మరి. పైగా ఇది దొంగతనం కాదు. పట్టుకుపోవడానికి బదులు ఎవరో తెచ్చి పెడుతున్నారు. సేఠ్ ఉపదేశంలో తెచ్చిపెట్టే దొంగ గురించి ఒక్క ముక్క లేదు.

చెప్పును వేళ్ల చివర పట్టుకుని బయట పారేసి, మామకు చెబుదామని స్టేజి వైపు రెండడుగులు వేసి ఆగాను. ఏమని చెప్పాలి? మంచం మీద చెప్పు మొలిచిందని చెప్పాలా? ముందు ఎవరి పనో కనిపెట్టి అప్పుడు చెబుదామని షెడ్డులోకి వెళ్లి కూర్చుని అత్తను గమనించడం మొదలుపెట్టాను. ఈ బస్సు నడవకూడదని కోరుకునే మనిషి ఆమె ఒక్కతే కదా. అత్త రొట్టె కొడుతోంది. ఆ కొట్టడం కూడా నాకు మామూలుగా అనిపించలేదు. "ఏంది పిలగా, అట్ల చూస్తున్నవు? ఆకలైతుందా?" అంది. చూశారా, మాట మారుస్తోంది అనుకున్నాను. అప్పుడే రోడ్డు మీద కారు ఆగిన చప్పుడైంది. చెరువులో పడవ నడపడం లేదట, సారూ మేడం అనుకున్న దానికంటే ముందే తిరిగొచ్చేశారు. నేను పరుగెత్తి తలుపు తీశాను. మేడం ముందు ఎక్కింది. వెంటనే ఒక కేక పెట్టింది.

కొత్త దుప్పటి నట్టనడుమ ఒక ఎర్రగుడ్డ మూట ఉంది. ముడి సందులోంచి వేపమండలు బయటికి తొంగిచూస్తున్నాయి. ఒక నిమ్మకాయ దొర్లి దిండు దగ్గర ఆగింది. తెల్లటి దుప్పటి మీద కుంకుమ రాలింది. మా వైపు పుట్టి పెరిగినవాడికి ఇక చెప్పాల్సిన పని లేదు. బాణామతి! చిన్నప్పటి నుంచి విన్న చేతబడి కథలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. మేడం మెట్లు దిగి బయట నిలబడి, "ఏమండీ, నేను ముందే చెప్పానా లేదా? మనం లేనప్పుడు ఎవరో మన గదిలోకి వచ్చారు. సామాను తీయండి, వెళ్లిపోదాం" అంది. కేక విని మామ చాయ గ్లాసు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. అత్త పిండి చేతులతో వచ్చింది. అత్త కొంగు పట్టుకుని చిట్టి వచ్చింది. మామ లోపలికి తొంగి చూశాడు. ఖాకీ చొక్కాలో ఆయన మొహం తెల్లబోయింది. "వెళ్లిపోదాం" అన్న మాట ఆ మూటను చూడకముందే ఆయన చెవిన పడింది.

ఆ తర్వాత అక్కడ నడిచిన అనుమానాల పంచాయితీని తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మేడం నన్ను అనుమానించింది, తాళంచెవి నా దగ్గరే ఉంది కాబట్టి. సారు మామను అనుమానించారు, కదలని బస్సుకు డ్రైవర్ చొక్కా ఎందుకు తొడుక్కున్నాడని. మామ నా దగ్గరికి వచ్చి నోటి దగ్గర వాసన చూసి, "పొద్దున్నే ఏమన్న తాగినవారా?" అన్నాడు. ఆ అవమానం భరించలేక నేను జీవితంలో అనకూడని మాట ఒకటి అనేశాను. "నన్నేం అడుగుతవు మామా? అత్తను అడుగు. బస్సు నడవద్దని ఉన్నది ఎవలికి?" అన్నాను.

అత్త పిండి చేతులు గాల్లోకి ఎత్తి అందుకుంది. "నేనా? నేను బాణామతి చేస్తనా? ఓరి నీ లాడ్జి మన్నుగాను! దీంట్ల పండే పరుపుకు దూది ఏకించింది ఎవలు? పరదాలు కుట్టింది ఎవలు? ఈ మనిషి మళ్ల పోతడేమోనని ఎల్లమ్మకు ముడుపు కట్టింది ఎవలురా?" అంది. అందరం నోరు తెరిచి ఆమె వైపు చూశాం. మామ మరీనూ. అత్త నోరు జారానని గ్రహించి కొంగుతో మొహం తుడుచుకుంది. పిండి అంటుకుని మొహం ఇంకా తెల్లగా అయింది. మామ మళ్లీ మస్కట్ పోవడం ఆమెకు మాత్రం ఇష్టమా? ఆశపడితే దిష్టి తగులుతుందని ముందే తిట్టి పెట్టుకుందంతే. మనిషి తిట్టులో ఇంత ప్రేమ ఉంటుందని నాకు సేఠ్ నేర్పలేదు.

సరిగ్గా అప్పుడు, మా అందరినీ భుజాలతో తోసుకుంటూ ఒక అవ్వ బస్సు మెట్లెక్కింది. మొహాన రూపాయి బిళ్లంత బొట్టు, చేతిలో సంచీ. లోపలికి పోయి, మూట పక్కన మంచం మీద చతికిలబడి, కిటికీలోంచి బయటికి చూస్తూ మా మీద విరుచుకుపడింది. "ఏందయ్యా, తలుపు తీసి అడ్డం నిలవడ్డరు? ఎక్కుతె ఎక్కుండ్రి, లేకుంటే జరుగుండ్రి. నా సీట్ల నేను మూట ఏసిన. ఎవలన్న కూసుంటమంటే ఊకోను!"

ఆమె వెనకాలే ఒకాయన ఒంటి చెప్పుతో కుంటుకుంటూ ఎక్కాడు. ఇంకో ఆయన ఎక్కి, మంచమంతా కళ్లతో వెతికి, చివరికి సారు బ్యాగు మీదున్న గళ్ల దస్తీని చూశాడు. "ఓ సారూ, ఏం పని ఇది? నేను ముందుగాల వచ్చి దస్తీ ఏసి పోయిన. నా దస్తీ తీసి మీ బ్యాగు పెట్టుకుంటరా? సదువుకున్నోళ్లు గిట్ల చేస్తె ఎట్ల?" అన్నాడు. ఆ మాట వినగానే నా తలలో మబ్బు విడిపోయింది. మా వైపు అంగడి రోజున బస్సులో సీటు ఎలా దొరుకుతుందో తెలియనివాడు ఉండడు. డ్రైవర్, కండక్టర్ బస్సుకు తాళం వేసి చాయకు పోతారు. మనం కిటికీలోంచి దస్తీయో తువ్వాలో చెప్పో సంచీయో సీటు మీద పడేసి నీడకు పోతాం. ఇక ఆ సీటు మనదే. నేను కూడా కాలేజీ రోజుల్లో పుస్తకాలు విసిరేసి సీట్లు ఆపుకున్నవాణ్ణే. పోయిన అంగడి నాటికి బోర్డు లేదు, కిటికీలకు ఊచలూ పరదాలూ ఉండేవి కాబట్టి ఎవరూ ఇటు చూడలేదు. ఈ రోజు బోర్డు ఉంది, కిటికీలు తెరిచి ఉన్నాయి (తెరిచింది ఎవరో చెప్పనక్కర్లేదు). చక్రాలు లేవన్న సంగతి రోడ్డు వైపు పెరిగిన గడ్డిలో దాగిపోయింది. అన్నిటికీ మించి, ఖాకీ చొక్కా వేసుకున్న డ్రైవర్ చాయ డబ్బా దగ్గర తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. ఇంకేం కావాలి?

"అవ్వా, ఇది పోయే బస్సు కాదు. ఇది రూము" అన్నాడు మామ, దాదాపు ఏడుపు గొంతుతో. అవ్వ పరుపును చేత్తో నొక్కి చూసింది. అద్దం చూసింది. గోడల నిండా అంటించిన బొట్టుబిళ్లలను చాలాసేపు చూసింది. "రూమైతే బోర్డు ఎందుకు పెట్టినవు బిడ్డా? నువ్వు చాయ తాగుతున్నవు, తాగినంక తీస్తవు అని మేము గమ్మున కూసున్నం. మొన్నటోలె నిలవడి పోవుడెందుకని, ఇంతకుముందు వచ్చిన బస్సును కూడ ఇడిసిపెట్టినం. ఎల్లారెడ్డిల నా బిడ్డ ఇంట్ల ఇయ్యాల మైసమ్మకు చేస్తున్నరు, గా సామానే ఈ మూటల ఉన్నది. నేను పోకుంటే ఎట్ల? ఏసిన సీటుకు నువ్వు జవాబు చెప్పాలె" అంది. చక్రాలు లేని బస్సు ముందు మామ ఖాకీ చొక్కా వేసుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు వినబడింది సారు నవ్వు. చిన్నగా మొదలై, బ్యాగు మీద చెయ్యి ఆనించుకోవాల్సినంత పెద్దదైంది. "మద్నూర్ బ్రాంచిలో ఉన్నప్పుడు నేను రోజూ టిఫిన్ బాక్సు వేసేవాణ్ణయ్యా సీటుకు! ఒకరోజు బాక్సు బస్సుతోపాటు వెళ్లిపోయింది, నేను మిగిలిపోయాను" అన్నారు. దస్తీ మడిచి దాని యజమాని చేతికిచ్చి, "మీరు చెప్పింది బరాబర్. సీటు ఆపుకున్నవాళ్లకు సీటు ఇవ్వాలి. నా కారుంది. పదండి, దింపుదాం" అన్నారు. మామ తాను నడుపుతానన్నాడు. (ఖాకీ చొక్కాకు అప్పటికి గానీ న్యాయం జరగలేదు.) మేడం మాత్రం ఇంకా మెట్ల పక్కనే బిగుసుకుని నిలబడి ఉంది. అవ్వ కిందికి దిగుతూ ఆవిడ మొహం చూసి ఆగిపోయింది. "ఏంది బిడ్డా, పెనిమిటి పక్కకే ఉండంగ మొఖాన బొట్టు లేదేంది?" అంది. మేడం చెయ్యి నుదుటి మీదికి పోయింది. ఆవిడ బొట్టు బస్సు గోడకు, మంచం తలవైపు తూటు మీద, భద్రంగా ఉంది. మేమందరం అంతసేపు ముట్టుకోవడానికి భయపడిన ఆ ఎర్రమూటను అవ్వ విప్పి, కుంకుమ తీసి, మేడం నుదుటన పెద్ద బొట్టు పెట్టింది. దిండు దగ్గరి నుంచి ఏరుకొచ్చిన నిమ్మకాయను కూడా ఆవిడ చేతిలో పెట్టి, "సల్లగుండు" అంది. మేడం కళ్లు చెమర్చాయో, కుంకుమ రాలి పడిందో తెలియదు గానీ, "ఏమండీ, నేనూ వస్తాను" అంటూ వెళ్లి అవ్వ పక్కన కూర్చుంది. దస్తీ ఆయన సర్దుకున్నాడు. ఒంటి చెప్పు ఆయన, రెండో చెప్పును నేను చెలకలోంచి వెతికి తెచ్చాక ఎక్కాడు. ఆ చెప్పు ఎలా అక్కడికి పోయిందని ఆయన అడిగాడు. నాకు వినబడలేదు.

కారు కదలబోతుండగా చిట్టి అత్త కొంగు వదిలేసి నాలుగడుగులు ముందుకు ఉరికింది. ఖాకీ చొక్కాలో మామ బండెక్కి వెళ్లిపోతుంటే ఆ పిల్లకు ఏం తోచిందో ఏమో, మొహం ముడుచుకుపోయింది. "అమ్మా, బాపు మస్కట్ పోతుండా?" అని గట్టిగా అరిచింది. బాపు అంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఎడారుల్లో అంతంత ట్రైలర్లు నడిపిన మనిషి, ఆ చిన్న కారును రోడ్డు మీద బందు పడేశాడు. అత్త పిండి చేత్తో కూతుర్ని దగ్గరికి లాక్కుని, "లేదు బిడ్డా. ఎల్లారెడ్డికే పోతుండు. వస్తడు" అంది. ఆ చివరి మాట ఆమె చిట్టికి చెప్పలేదని, స్టీరింగ్ మీద తల వంచుకున్న మనిషికి చెప్పిందని, అనుమానమే తప్ప ఇంకేమీ తెలియని నాకు కూడా అర్థమైంది.

సారూ మేడం ఇంకొక రోజు ఎక్కువే ఉండి వెళ్లారు. వెళ్లేటప్పుడు మేడం గోడల మీది బొట్టుబిళ్లల్లో ఒక్కటి కూడా తీయలేదు. "మళ్లీ వస్తాం" అని అత్తతో ఆవిడే స్వయంగా అంది. అత్త మాట ప్రకారం నోరు మూసుకుంది, సాయంత్రం దాకా. దసరా వచ్చింది, పోయింది. మామ మాత్రం పోలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో పనిచేస్తున్నాను. మంచాల మీద తువ్వాలలను హంసల్లా మడిచిపెట్టే తరహా హోటల్ అది. నాకు మాత్రం ఆ హంసను చూసినప్పుడల్లా ఇది ఎవరు వేసిన సీటో అనిపిస్తుంది. మామ బస్సు ఇంకా అక్కడే ఉంది. 'ఈ బస్సు పోదు' అని ఇంకో బోర్డు పెట్టాడు. అయినా అంగడి రోజున ఎవరో ఒకరు వచ్చి, "ఎప్పుడు పోతది?" అని అడుగుతూనే ఉంటారు. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేశాక అసలు బస్సుల్లో రద్దీ ఇంకా పెరిగింది. అందుకని మామ కొట్టంలో దాచిన పాత సీటు ఒకటి తెచ్చి డ్రైవర్ సీటు వెనకాల బిగించాడు. బస్సు వచ్చేదాకా ఎవరైనా నీడకు కూర్చోవచ్చని. నేను వస్తున్నానని ఫోన్ చేసిన రోజున మాత్రం ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వడట. నేను దిగి వెళ్లేసరికి గళ్ల దస్తీ ఒకటి దాని మీద పరిచి ఉంటుంది. "నీ సీటు ఆపిన అల్లుడా" అంటాడు నెరిసిన మీసాల మామ. ఇంత జరిగాక, ఇంత తెలిశాక కూడా, కూర్చునే ముందు ఎవరూ చూడకుండా ఆ దస్తీ అంచు కాస్త ఎత్తి, కింద నిమ్మకాయ ఏమన్నా ఉందేమో చూసుకుని మరీ కూర్చుంటాను.